గృహలక్ష్మి: పాత సంచికల పఠనానుభవం

వైద్యులు కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుండి ప్రారంభించిన 'గృహలక్ష్మి' మాసపత్రిక పాత సంచికలను స్కాన్ ప్రతులలో చదివాను. స్త్రీల రచనలు, కళలు, కుటుంబ జీవనం, మాతృత్వం ఒకే చోట కలిసిన ఇటువంటి పత్రికలు తెలుగులో అరుదు.

ఈ సంచికలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నవి కనుపర్తి వరలక్ష్మమ్మ గారి 'శారద లేఖలు'. స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో సాగే ఈ శీర్షికలో ఆమె ఇంటి ముచ్చట్లతో మొదలుపెట్టి, చదువరికి తెలియకుండానే స్త్రీవిద్య, సంఘ సంస్కరణల వంటి బరువైన విషయాలలోకి తీసుకువెళ్తారు. ఆ చనువు, ఆ నిబ్బరం నేటి శీర్షికలలో అంతగా కనబడవు. పత్రిక పక్షాన ఏటా ఇచ్చే స్వర్ణకంకణాన్ని 1934లో తొలిసారి అందుకున్నదీ ఆమే. రచయిత్రులను ఇంతగా గౌరవించిన పత్రిక కావడం నాకెంతో సంతోషం కలిగించింది.

మాతృత్వం విషయంలో మాత్రం నాకు కొంత అసంతృప్తి మిగిలింది. కేసరి గారి మందు 'లోధ్ర' ప్రకటనలు స్త్రీల ఆరోగ్యం గురించి బాహాటంగా మాట్లాడడం ఆ కాలానికి మెచ్చదగినదే అయినా, తల్లి అలసటను, అయిష్టాన్ని తల్లి మాటల్లోనే వినిపించే రచనలు ఇంకా ఉండవలసింది.

స్కాన్ ప్రతులలో కొన్ని పుటల అంచులు తెగిపోయాయి, అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా స్త్రీల సాహిత్యంపై ఆసక్తి ఉన్నవారు ముందుగా లేఖల శీర్షికతోనే చదవడం మొదలుపెట్టాలని నా సూచన.