బైలాస్: సవరించాలా, కొత్తగా రాయాలా?

భీమవరంలో మా అపార్ట్‌మెంట్ సంఘం బైలాస్, అంటే సంఘం నడుచుకోవాల్సిన నియమావళి, బిల్డర్ ఇచ్చిన కాపీయే. ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ మాట అందులో లేదు. ఎవరో మొదటి అంతస్తు కిటికీలోంచి సెల్లార్‌లోకి వైరు దించారు. మొన్న వానకి కింద నీళ్లు నిలిచాయి. ఆ ప్లగ్గు నీళ్లకి జానెడు ఎత్తులో వేలాడుతుంటే చూసి నాకు గుండె ఆగినంత పనైంది.

అవసరమైన నిబంధనలు మాత్రమే మార్చుకోవచ్చు. ఛార్జింగ్, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ట్యాంకర్ నీళ్ల ఖర్చు, అద్దెకున్నవాళ్ల పార్కింగ్ ఒక్క సర్వసభ్య సమావేశంలో తేలిపోతాయి. గొడవ తక్కువ. కానీ పాత నిబంధన ఒకటి, కొత్తది ఇంకొకటి చెప్తే మళ్లీ పంచాయితీయే.

మొత్తం తిరగరాస్తే ఆ తిరకాసు ఉండదు. అయితే మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కనా, ఫ్లాటుకింతనా అన్న పాత తగువు మళ్లీ లేస్తుంది. నెలలు పడుతుంది.

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే, ఏ మార్పు చేసినా మినిట్స్ పుస్తకంలో రాసుకుని ఊరుకోకూడదు. రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి.

నేనైతే ముందు సవరణే అంటాను. మళ్లీ వాన పడేలోపు ఆ వైరు తీయించాలి.