బీపీ గోలీలు కొనే దుకాణం, అక్కడి ఫార్మసిస్టు: నాలుగేళ్ల అనుభవం

నల్లగొండలో మా వీధి మలుపున ఉన్న మందుల దుకాణంలో నేను నాలుగేళ్లుగా బీపీ గోలీలు కొంటున్నాను. ధరల్లో మిగతా దుకాణాలకూ దీనికీ పెద్ద తేడా లేదు. నేను అక్కడికే వెళ్లడానికి కారణం అక్కడి ఫార్మసిస్టు.

మొదటి ఏడాదిలో ఒకసారి బీపీ 126/80 వచ్చేసరికి జబ్బు తగ్గిందనుకుని నా బీపీ గోలీ అమ్లోడిపిన్ మానేశాను. నెలన్నర తర్వాత మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కోసం వెళ్తే, "ఈ నెల బీపీ గోలీలు తీసుకుపోలేదేం సార్?" అని అడిగి, కూర్చోబెట్టి చూశారు: 168/100. గోలీ వేసుకున్నందువల్లే అంకె దిగిందనీ, ఏ బాధా తెలియకపోయినా బీపీ గుండెనూ కిడ్నీలనూ దెబ్బతీస్తుందనీ, నేనడిగిన నొప్పి గోలీ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవబెట్టి దాన్ని ఇంకా పెంచగలదనీ చెప్పి, ఆ గోలీ అమ్మకుండానే డాక్టరు దగ్గరికి పంపారు.

ఇంట్లో మిషన్‌తో చూసుకునే పద్ధతీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంతవరకు చాయ్ తాగిన వెంటనే, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేవాణ్ని. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, ఐదు నిమిషాలు ఊరకే కూర్చుని, చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలట. మధ్యలో నేను మా అబ్బాయి పెళ్లి కబురు ఎత్తుకోగానే ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నారు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదని చెప్పినా, మామిడికాయ తొక్కు మానేయమనలేదు, నంజుకునేంతే వేసుకోమన్నారు. ఎండాకాలం మజ్జిగలో ఉప్పుకు బదులు నిమ్మరసం, అల్లం వేసుకుంటున్నాను. (మా ఇంటావిడకు ఆ రుచి ఇప్పటికీ నచ్చదు.) డోసు 10 మిల్లీగ్రాములు చేశాక పాదాలు వాస్తే, అది అమ్లోడిపిన్‌తో కొందరికి వచ్చేదేనని గుర్తించి డాక్టరుకు చీటీ రాసిచ్చారు. మందు మార్చింది డాక్టరే.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం రద్దీలో ఆయన దొరకరు. ఒకసారి కౌంటర్ దగ్గరి కుర్రాడు చెప్పకుండా వేరే కంపెనీ స్ట్రిప్పు ఇవ్వడంతో, పేర్లు వేరుగా ఉన్న ఒకే మందును నాలుగు రోజులు రెండేసి వేసుకుని కళ్లు తిరిగి పడబోయాను. రోగికి మందుల గురించి వివరించడాన్ని ఫార్మసిస్టు పనిగా 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెబుతున్నా, దానికి అక్కడ ప్రత్యేకంగా చోటు లేదు. నా అంకె వరుసలో ఉన్నవారందరికీ వినిపిస్తుంది. అందుకే ఇప్పుడు జనం పలచగా ఉండే పదకొండు గంటల వేళ, పాత స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్తున్నాను.