చెక్కు మ్యాచా, న్యూట్రల్ టోర్నీనా: చిన్న కాలేజీ టీమ్‌కి ఏది మేలు?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మార్చిలో జరిగే జాతీయ టోర్నీకి ఏ టీమ్‌లు వెళ్తాయో ఒక కమిటీ ప్రకటించే రోజు సెలెక్షన్ సండే. ఆ సాయంత్రం నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు ఏటా ఒకేలా ఉంటాయి. "అన్ని గెలిచినవాళ్లని వదిలేసి, ఇన్ని ఓడినవాళ్లని ఎలా తీసుకున్నారు అన్నా?" 2025లో అయితే మరీను. 28-6తో (28 గెలుపులు, 6 ఓటములు) ఉన్న యూసీ అర్వైన్ బయటే ఉండిపోయింది, 19-15తో ఉన్న టెక్సస్ లోపలికి వెళ్లింది. చిన్న యూనివర్సిటీల్లో ఎమ్మెస్ చేసిన మనవాళ్లకి ఇది సొంతింటి గొడవ. ఇంతలో ఇంకొకడు తగులుకుంటాడు: "నవంబర్‌లో పెద్ద టీమ్‌లతో ఆడొచ్చుగా, ఎవరొద్దన్నారు?"

వద్దన్నది ఎవరో తర్వాత చెప్తాను. అసలు మిడ్-మేజర్, అంటే పెద్ద కాన్ఫరెన్స్‌ల (లీగ్‌ల) బయట ఉన్న చిన్న టీమ్ కోచ్ ముందు ఉన్న దారులేంటో చూద్దాం.

మొదటిది బై గేమ్, అంటే చెక్కు మ్యాచ్. పెద్ద టీమ్ డబ్బిస్తుంది, చిన్న టీమ్ వాళ్ల ఊరెళ్లి ఆడొస్తుంది. వాళ్లు తిరిగి మన ఊరు రానక్కర్లేదు. చాలా కాలేజీల్లో ఆ చెక్కు రాకపోతే బడ్జెట్ నడవదు, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. 2019 నవంబర్‌లో ఎవాన్స్‌విల్ 90 వేల డాలర్లు పుచ్చుకుని కెంటకీ వెళ్లింది. అప్పటికి నంబర్ 1గా ఉన్న ఆ టీమ్‌ని 67-64తో ఓడించి మరీ ఇంటికొచ్చింది. డబ్బులిచ్చి తన్నించుకోవడం అంటే అదే! కానీ అదే ఎవాన్స్‌విల్ ఆ సీజన్‌లో మిజోరి వ్యాలీ కాన్ఫరెన్స్‌లో 18 మ్యాచ్‌లకి 18 ఓడింది. ఆ ఒక్క రాత్రి వల్ల మార్చిలో ఒరిగిందేమీ లేదు.

చెక్కు మ్యాచ్‌తో అసలు చిక్కు వేరే ఉంది. ఆ పిలుపు బలహీనమైన టీమ్‌లకే ఎక్కువగా వస్తుంది. నిజంగా బాగా ఆడే మిడ్-మేజర్‌ని పిలవడానికి ఎవరికీ మనసొప్పదు. గెలిస్తే పెద్దగా పేరు రాదు, ఓడితే పరువు పోతుంది, పైగా చెక్కు కూడా రాసివ్వాలి. పిలవరు, మన ఊరు రమ్మంటే రారు, చివరికి మార్చిలో మాత్రం "మీరు ఎవరితో ఆడారు?" అని కమిటీ అడుగుతుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద విషయం, మ్యాచ్ ఎవరి ఫ్లోర్ మీద జరిగిందన్నది. దీనికి 2022 నవంబర్‌ని మించిన సాక్ష్యం నాకు కనబడలేదు. పెద్ద టీమ్‌లున్న పాక్-12, చిన్న టీమ్‌లున్న స్వాక్ కాన్ఫరెన్స్‌లు ఒక ఒప్పందం చేసుకున్నాయి. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీలున్న స్వాక్‌కి పెద్ద టీమ్‌లు స్వయంగా వెళ్లి ఆడాలి. మామూలుగా ఈ స్వాక్ టీమ్‌లు నవంబర్, డిసెంబర్ రెండు నెలలూ సూట్‌కేసులు సర్దుకుని ఊరూరా తిరుగుతుంటాయి. ఆ వారం మాత్రం సొంత ఊళ్లో, సొంత బ్యాండ్ మోతలో ఆడాయి. కొలరాడో వెళ్లి గ్రాంబ్లింగ్ చేతిలో ఓడింది. వాషింగ్టన్ స్టేట్ ప్రెయిరీ వ్యూలో ఓడింది. ఆరిజోనా స్టేట్ టెక్సస్ సదరన్‌లో ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింట్ తేడాతో, 67-66తో ఓడింది. కొలరాడో మరీ చెత్త టీమేమీ కాదు, గ్రాంబ్లింగ్‌లో ఓడిన రెండు రోజులకే 11వ ర్యాంకు టెనెసీని ఓడించింది. అంటే ఇన్నాళ్లూ మనం "తేడా" అనుకున్న దాంట్లో ఎంత భాగం ప్రయాణం, ఎంత భాగం ఆట అన్నది ఆలోచించాల్సిందే.

కాబట్టి ఏది మేలంటే, పెద్ద టీమ్‌తో హోమ్-అండ్-హోమ్, అంటే ఒకసారి వాళ్ల ఊళ్లో, ఒకసారి మన ఊళ్లో. కానీ అది ఇస్తే కదా! ఇవ్వరు కాబట్టి నా ఓటు రెండో దారికి, అంటే థాంక్స్‌గివింగ్ వారంలో, ఇద్దరిదీ కాని ఊళ్లో జరిగే న్యూట్రల్ టోర్నీలకి.

కారణం చాలా మామూలుది. డ్రా పడ్డాక ఎదురొచ్చిన టీమ్‌తో ఆడనంటే కుదరదు. క్వాడ్ లెక్క కూడా ఇక్కడ కలిసొస్తుంది. కమిటీ వాడే టీమ్‌ల ర్యాంకింగ్ పేరు నెట్; ఎదుటి టీమ్ నెట్ ర్యాంకునీ, ఆడిన చోటునీ బట్టి ప్రతి మ్యాచ్‌నీ నాలుగు క్వాడ్‌లలో ఒకదాంట్లో వేస్తారు, అన్నిటికంటే విలువైనది క్వాడ్ 1. 40వ ర్యాంకు టీమ్‌ని మన ఊళ్లో ఓడిస్తే క్వాడ్ 2, న్యూట్రల్‌లో ఓడిస్తే క్వాడ్ 1. 2015లో మాన్మత్ ఇలాగే ఒర్లాండో టోర్నీలో నోటర్ డేమ్‌నీ, యూఎస్‌సీనీ కొట్టింది. యూసీఎల్ఏనీ, జార్జ్‌టౌన్‌నీ వాళ్ల ఊళ్లకే వెళ్లి ఓడించింది. బెంచ్ మీద కుర్రాళ్ల డాన్సులు దేశమంతా చూసింది. అయినా మార్చిలో పిలుపు రాలేదు, అడుగున ఉన్న టీమ్‌ల చేతిలో ఓడిన మూడు మ్యాచ్‌లు పట్టుకున్నారు. అది నెట్‌కి ముందున్న ఆర్‌పీఐ ర్యాంకింగ్ కాలం. అంటే న్యూట్రల్ దారి కూడా గ్యారంటీ కాదు, ఒప్పుకుంటాను. పైగా 2024లో లాస్ వెగస్‌లో మొదలైన ప్లేయర్స్ ఎరా లాంటివి ఎక్కువ డబ్బు చూపించి పెద్ద టీమ్‌లని లాగేస్తున్నాయి. రేపు మిగతా టోర్నీల్లో ఎవరు మిగులుతారో చూడాలి.

మిగతా దారులు రెండు ముక్కల్లో. సాటి మిడ్-మేజర్‌లతో ఆడటం మంచిదే. మ్యాక్, సన్ బెల్ట్ అనే రెండు కాన్ఫరెన్స్‌లు కలిసి 2023-24లో మొదలుపెట్టిన చాలెంజ్ అలాంటిదే, నష్టం లేదు. కింది స్థాయి డివిజన్ 2, 3 టీమ్‌లని పిలిచి 50 పాయింట్లతో ఓడించడం మాత్రం టికెట్లు అమ్ముకోవడానికే, నెట్‌లో అది లెక్కలోకే రాదు.

ఇంక ఆ "ఎవరొద్దన్నారు" ప్రశ్న. 2024లో ఇండియానా స్టేట్ 28-6తో, నెట్‌లో 30 లోపు ర్యాంకుతో ఉండి కూడా బయటే ఆగిపోయింది. క్వాడ్ 1లో గెలిచింది ఒక్కటే అన్నారు. నిజమే, కానీ దానికి దొరికిన అవకాశాలే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరుసటి ఏడు పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్న నార్త్ కరొలైనా క్వాడ్ 1లో గెలిచింది కూడా ఒక్కటే, ఓడింది 12. దాన్ని తీసుకున్నారు. ఆ 13 మ్యాచ్‌ల కోసం ఎవరికీ ఫోన్ చేసి బతిమాలాల్సిన పని లేదు, సుమారు సగం కాన్ఫరెన్స్ షెడ్యూల్లోనే వచ్చి పడ్డాయి. 2025 నుంచి కమిటీ వ్యాబ్ అనే కొలత కూడా చూస్తోంది. అదే షెడ్యూల్‌ని సెలెక్షన్ అంచున ఉన్న ఒక టీమ్ ఆడితే ఎన్ని గెలిచేదో, దానికంటే మీరు ఎన్ని ఎక్కువ గెలిచారో అందులో తేలుతుంది. నెట్ కంటే నాకు ఇదే నచ్చింది, ఇందులో ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్న గోల లేదు. కాకపోతే అదీ ఆడిన మ్యాచ్‌లనే కొలుస్తుంది. మే నెలలో ఫోన్ పట్టుకుని 20 మంది పెద్ద కోచ్‌లకి కాల్ చేసి, 20 సార్లు "ఈ ఏడు డేట్లు ఖాళీ లేవు" అనిపించుకున్న అసిస్టెంట్ కోచ్ కష్టానికి మాత్రం కమిటీ చూసే టీమ్ షీట్‌లో గడి లేదు.