నడిపించాలా, నిలబెట్టాలా? పాత ఫైరింజనుకు ఏది మేలు

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో పాత ఫైరింజను ఒకటి దొరికి, చిన్న ప్రదర్శనశాలలో దాచాలనుకుంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. బండిని నడిచే స్థితిలో ఉంచాలా, ఆపేసి కాపాడాలా?

నడిపించాలన్న కోరికకు బలమైన కారణమే ఉంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ నౌక పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ళను తలచుకునే ఆ వారంలో పాత బండి గంట మోగిస్తూ వీధిలోకి వస్తే, దమకళ (ఫైరింజనుకు ఒడియా మాట) అన్న మాటకు అర్థం పిల్లలకు ఒక్కసారిగా తెలుస్తుంది. గదిలో నిలబడ్డ బండి ఆ పని చేయలేదు.

అయినా మా తీర్పు ఇది: చక్రం తిరగనివ్వండి, పీడనం పట్టే భాగానికి మాత్రం మళ్ళీ పీడనం ఎక్కించకండి.

చేతి పంపునే చూడండి. పక్కపక్కనే రెండు సిలిండర్లు, అడ్డంగా ఒక మీట. ఒక వైపు నొక్కితే రెండో వైపు లేస్తుంది. మధ్యలో గాలి కుండీ ఉంటుంది. అందులోని గాలి నొక్కుకుని, సాగి, విడివిడిగా వచ్చే నీటిని ఒకే ధారగా మారుస్తుంది. 1721లో పేటెంటు పొందిన రిచర్డ్ న్యూషమ్ యంత్రాల నుంచి ఈ జాతి పంపుల ప్రాణం ఆ కుండీలోనే ఉంది, ప్రమాదమూ అక్కడే. లోపలి తుప్పు పైకి కనిపించదు, అతుకు ఎంత పలచబడిందో చేత్తో తడిమితే తెలియదు. అది పగిలితే పక్కనున్నవాళ్ళ మీదికే వస్తుంది. పిస్టన్ల తోలు వాషర్లు కూడా ఎండి బిగుసుకుని ఉంటాయి. బలవంతంగా లాగితే చిరిగి, సిలిండరు గోడ మీద గీతలు పడతాయి.

చెక్క ఆకుల చక్రాల సంగతి మన ఎడ్లబండి తెలిసినవారికి కొత్త కాదు. ఎండలకు చెక్క కుంచించుకుని ఇనుప పట్టా వదులవుతుంది. బండి చక్రమైతే చెరువులో నానబెడతాం. ఇక్కడ అలా చేయకూడదు, పాత రంగూ దాని మీద అలంకారంగా వేసిన గీతలూ పెళ్ళలుగా లేచిపోతాయి. రాయగడ వైపు మార్చి, ఏప్రిల్ పొడిలో పట్టా కదులుతుంటే బండిని వీధిలోకి తీయవద్దు. ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి బరువు తప్పించాలి.

మోటారు ఫైరింజను నడపాలంటే పద్ధతి వేరు. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు: ఇంజను పూర్తిగా వేడెక్కక, మండినప్పుడు పుట్టిన తేమ నూనెలోనే నిలిచి లోపల తుప్పు పట్టిస్తుంది. అరగంట నడపగలిగితేనే స్టార్టు చేయండి. అంతకుముందు ప్లగ్గులు తీసి పది పదిహేను చుట్లు చేత్తో తిప్పితే నూనె పైకి ఎక్కుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు సీళ్ళను పాడు చేస్తుంది కాబట్టి బండి లోపలికి రాగానే కార్బురేటరు ఖాళీ చేయాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకొకసారి మార్చాలి. ఇంత చూసుకునే మనిషి లేకపోతే నిలబెట్టడమే మేలు. రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, నీటి ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. ఒక్కో సిలిండరులో కొద్దిగా నూనె పోసి చేత్తో తిప్పండి.

బండి కదిలినా దాని పంపు మాత్రం తిరగకూడదు. నీళ్ళు లేకుండా కాసేపు తిరిగినా గ్లాండు ప్యాకింగు, అంటే తిరిగే షాఫ్టు చుట్టూ నీళ్ళు కారకుండా కూరే పట్టీ, మాడుతుంది. కారుతోందని బిగిస్తే షాఫ్టు గీసుకుపోతుంది, అక్కడ బొట్టు బొట్టుగా కారడమే సరైన స్థితి. ఊరేగింపులో నీళ్ళు చిమ్మాలంటే వెనక చిన్న కొత్త పోర్టబుల్ పంపు, పరీక్షించిన 63 మిల్లీమీటర్ల కొత్త గొట్టం వాడండి. నీళ్ళు కొత్త పంపువేనని బోర్డు మీద రాయాలి. చూసేవాళ్ళకు నిజం చెప్పాలి.

గొట్టాల విషయంలో రెండో ఆలోచనే లేదు, నిలబెట్టడమే. లోపల రబ్బరు లేని పాత నార గొట్టం తడిసి దారాలు ఉబ్బితేనే కారడం ఆగుతుంది, ఒకసారి తడిస్తే బూజు. రాగి రివెట్ల తోలు గొట్టానికి ఎర్రటి పొడి రాలుతుంటే నూనె రాయకండి. నూనె రాగితో కలిసి రివెట్ల చుట్టూ పచ్చటి జిగురు కడుతుంది. గొట్టాన్ని కొక్కేనికి వేలాడదీయకుండా పెద్ద చుట్టుగా బల్ల మీద పరచాలి.

మంటలార్పే పాత సోడా యాసిడ్ సిలిండర్లు ఖాళీగానే ఉండాలి. తలకిందులు చేస్తే ఆమ్లం సోడాలో కలిసి వాయువు పుట్టే ఆ రకాన్ని అమెరికాలో 1969లో తయారు చేయడం మానేశారు. పాత రేకు పగిలి మనుషులు చనిపోయినందుకే. మంట మీదికి విసిరే పాత నీలం గాజు గ్రెనేడ్లలో కొన్నిటిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉంటుంది, వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. వాటిని మూత బిగించిన పెట్టెలో చల్లటి చోట పెట్టాలి. ఆస్బెస్టాస్ దుప్పట్లు అద్దం వెనకే, దులపకూడదు.

ఎక్కడ నిలబెట్టాలో కూడా చూసుకోండి. గోపాల్‌పూర్ దగ్గర ఉప్పుగాలికి ఇత్తడి నాజిళ్ళు నెలల్లో నల్లబడతాయి. అమ్మోనియా కలిసిన పాలిషుతో తళతళలాడిస్తే ఇత్తడికి సన్నటి పగుళ్ళు వస్తాయి, కాబట్టి మెత్తటి గుడ్డతో తుడిచి పలచగా మైనం పూయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఆ తీరానే దాటింది. రేకుల షెడ్డు ఇక్కడ పనికిరాదు. స్లాబు కింద, నేలకు అడుగున్నర ఎత్తులో గట్టు కట్టాలి.

చేతి పంపు పని చూపించాలంటే పారదర్శక ప్లాస్టిక్ సిలిండర్లు, తోలు వాషర్లు, గాలి కుండీతో ఒక నమూనా చేయించి పక్కన పెట్టండి. కుండీ మూత తీసి ఒకసారి, మూసి ఒకసారి పిల్లలచేత కొట్టిస్తే, ధార ఎందుకు తెగుతోందో, ఎందుకు నిలుస్తోందో వాళ్ళే చెప్తారు. అసలు పంపు మీద ఎవరి చేయీ పడనవసరం లేదు.