నార్టన్ ఆంథాలజీ: ఆంగ్ల సాహిత్య చరిత్రను మూల రచనల్లోనే చదవదలచిన విద్యార్థికి

మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లిషు చదివేవారిలో చాలామందికి ఆంగ్ల సాహిత్య చరిత్ర అంటే యుగాల పేర్లు, కవుల పేర్లు, వాటి పక్కన సంవత్సరాలు. చాసర్ ఆంగ్ల కవిత్వానికి ఆద్యుడని పరీక్షలో రాస్తారు గాని, ఆయన పద్యాన్ని ఆయన రాసిన భాషలో పది పంక్తులైనా చదివినవారు తక్కువ. గైడ్లలోని సారాంశాలతో సెమిస్టర్ గట్టెక్కవచ్చు, యూజీసీ నెట్‌లో కాలక్రమం మీద అడిగే ప్రశ్నలకు జవాబులూ గుర్తుపట్టవచ్చు. కానీ ఒక భాషా దాని సాహిత్యమూ వెయ్యేళ్లకు పైగా ఎలా మారుతూ వచ్చాయో తెలియాలంటే ఆ రచనలనే వరుసగా చదవాలి. నేను చూసిన పుస్తకాల్లో ఆ పనికి అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది నార్టన్ ఆంథాలజీ ఆఫ్ ఇంగ్లిష్ లిటరేచర్.

ఇది ఎం. హెచ్. ఏబ్రమ్స్ ప్రధాన సంపాదకత్వంలో 1962లో మొదట వెలువడింది. ఆ తరువాత ఆ బాధ్యత స్టీఫెన్ గ్రీన్‌బ్లాట్ చేతికి వచ్చింది. నా దగ్గరున్నది ఎనిమిదవ కూర్పు, 2006 నాటిది. తరువాత కొత్త కూర్పులు కూడా వచ్చాయి. మొదటి సంపుటం ప్రాచీనాంగ్లం నుంచి పద్దెనిమిదవ శతాబ్దం చివరి దాకా, రెండవది రొమాంటిక్ కవుల నుంచి మన కాలం దాకా సాగుతాయి. ఇవే రచనలు ఆరు విడి భాగాలుగా కూడా దొరుకుతాయి.

ఈ సంకలనం గొప్పతనం నాకు ఎక్కువగా కనిపించేది మొదటి సంపుటంలోని తొలి భాగంలోనే. కేడ్మన్ అనే పశువుల కాపరి పాడిన సృష్టికర్త స్తుతి తొమ్మిదే పంక్తులు. అతని కథను బీడ్ అనే క్రైస్తవ సన్యాసి తన చర్చి చరిత్రలో చెప్పాడు, ఆ చరిత్ర 731లో పూర్తయింది. ఇక్కడ ఆ స్తుతిని ప్రాచీనాంగ్లంలోనే అచ్చువేసి, ప్రతి పంక్తికీ మాటకు మాటగా అర్థం ఇచ్చారు. ప్రతి పంక్తీ నడుమ కొంత ఖాళీతో రెండు సగాలుగా విడిపోయి కనిపిస్తుంది; మొదటి సగంలో ఊనికతో పలికే మాట ఏ హల్లుతో మొదలవుతుందో, రెండవ సగంలోనూ ఊనిక గల మాట అదే హల్లుతో మొదలై ఆ రెండిటినీ కలుపుతుంది. తెలుగు పద్యం చదువుకున్నవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు, ఇది మన యతికి దగ్గరి చుట్టం. అచ్చులకు అచ్చులతో మైత్రి అక్కడా ఉంది, పైగా మనకున్న వర్గాల పట్టింపు లేకుండా ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా కలుస్తుంది. అంత్యప్రాసకు అలవాటుపడిన నేటి ఇంగ్లిషు విద్యార్థి కంటే పోతన పద్యాలు నోటికి వచ్చిన మన పిల్లలు ఈ పాత కవిత్వాన్ని ఇంకా సులభంగా వినగలరని నా నమ్మకం, అధ్యాపకులు దీన్ని తరగతిలో వాడుకోవాలని నా కోరిక. దాని తరువాత 3,182 పంక్తుల ప్రాచీనాంగ్ల వీరకావ్యం బేవుల్ఫ్ మొత్తం ఐరిష్ కవి షేమస్ హీనీ అనువాదంలో ఉంది. నార్టన్ సంపాదకులు అడిగితేనే ఆయన ఆ అనువాదానికి పూనుకున్నాడు.

సాధారణంగా గైడ్లు బేవుల్ఫ్ నుంచి ఒక్క అంగలో చాసర్ దగ్గరకు వెళ్లిపోతాయి, నడుమ మూడు వందల ఏళ్లు ఏమైందో చెప్పవు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత కొలువులో ఫ్రెంచి, మఠాల్లో లాటిను రాజ్యమేలాయి. ఈ సంకలనం ఆ మూడు భాషలనూ పక్కపక్కన నిలబెడుతుంది. జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిను వచనంలో రాసిన బ్రిటన్ రాజుల చరిత్ర, దాన్ని వేస్ 1155లో ఫ్రెంచి పద్యంగా మలచిన తీరు, వేస్ నుంచి లాయమన్ మళ్లీ ఇంగ్లిషులోకి తెచ్చిన తీరు, మూడిటి నుంచీ తీసిన భాగాలు వరుసగా చదవవచ్చు. ఆర్థర్ రాజు కథ ఒక భాష నుంచి ఇంకో భాషకు మారేటప్పుడు ఏది పెరిగింది, ఏది తరిగింది అన్నది విద్యార్థి స్వయంగా పోల్చి చూసుకోగలడు. 1485లో కాక్స్టన్ అచ్చువేసిన, అదే ఆర్థర్ కథను ఇంగ్లిషు వచనంలో చెప్పే మేలరీ గ్రంథానికి వచ్చేసరికి అది ఎక్కడి నుంచి పుట్టిందో మనకు ముందే తెలిసి ఉంటుంది. సాహిత్య చరిత్ర అన్న మాటకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

చాసర్‌ను ఆధునిక ఇంగ్లిషులోకి మార్చకుండా, అక్షరక్రమాన్ని మాత్రం కొంత సరిచేసి, కఠిన పదాల అర్థాలను ఆ పంక్తి పక్కనే అంచులో ఇచ్చారు. కాంటర్బరీ కథల ఉపోద్ఘాతంలో మొదటి పద్దెనిమిది పంక్తులూ ఒకే వాక్యం. ఏప్రిల్ వానతో మొదలై, చిగుళ్లూ పక్షులూ దాటి యాత్రికుల దాకా సాగే ఆ వాక్యాన్ని నిఘంటువు తెరవకుండా చదివేయగలగడం ఈ అంచు అర్థాల పుణ్యమే. తరువాతి కవుల్లో చాలామంది అక్షరక్రమాన్ని ఆధునికీకరించినా స్పెన్సర్‌ను మాత్రం అలాగే ఉంచారు, ఎందుకంటే ఆయన కావాలనే పాతకాలపు రూపాలు వాడాడు. మిల్టన్ ప్యారడైజ్ లాస్ట్ పన్నెండు సర్గలూ పూర్తిగా ఉన్నాయి.

రెండవ సంపుటంలో షెల్లీ, కీట్స్ గీతాలు చదివితే కృష్ణశాస్త్రి తరం భావకవులు ఏ గాలి పీల్చారో అర్థమవుతుంది. అయితే నన్ను ఎక్కువగా కదిలించింది విక్టోరియన్ భాగంలో సామ్రాజ్యం మీద కూర్చిన చిన్న విభాగం. మన చదువుల దారి మార్చిన మెకాలే 1835 నాటి నివేదిక అక్కడ ఉంది. అదే విభాగంలో త్రైలోక్యనాథ్ ముఖర్జీ యూరప్ యాత్రా రచన నుంచి తీసిన భాగమూ ఉంది. 1886లో లండన్‌లో జరిగిన వలస దేశాల ప్రదర్శనలో పనిచేస్తున్న భారతీయ చేతివృత్తులవారి చుట్టూ మూగిన ఆంగ్లేయులను ఆయన అందులో గమనిస్తాడు. ఆంగ్ల సాహిత్యాన్ని మనమెందుకు చదువుతున్నామన్న ప్రశ్న ఆ సాహిత్య సంకలనంలోనే ఎదురుకావడం న్యాయంగా తోచింది.

లోపాల్లో పెద్దది నవల. ఫీల్డింగ్ టామ్ జోన్స్, జార్జ్ ఎలియట్ మిడిల్‌మార్చ్ వంటివి ఇందులో ఇమడవు కాబట్టి, ఈ పుస్తకాన్నే నమ్ముకుంటే పద్దెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దాల సాహిత్యంలో కవిత్వానికి ఉన్నదానికంటే ఎక్కువ చోటు ఉన్నట్టు కనిపిస్తుంది. నవలలు విడిగా కొనక తప్పదు. అమెరికన్ సాహిత్యానికి ఇందులో చోటు లేదు. కాగితం చాలా పలచన, పెన్నుతో గీస్తే వెనక పుటలోకి కనిపిస్తుంది, పెన్సిలే వాడాలి. ఒక్కో సంపుటం దాదాపు 3,000 పుటల బరువు, రోజూ సంచిలో మోసుకెళ్లేది కాదు. కవుల పరిచయాలు ఎంత చక్కగా ఉన్నాయంటే, అవి చదివి మూలం వదిలేసే ప్రమాదం కూడా ఉంది.

కొత్త కూర్పు ధర విద్యార్థికి భారమే, అందుచేత పాత కూర్పు కొనడానికి సంకోచించవద్దు. హైదరాబాదులో ఉన్నవారు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీ పాత పుస్తకాల కొట్లలో వెతకవచ్చు. ఒక్క సంపుటానికే డబ్బు ఉంటే మొదటిదే కొనండి: రెండవ సంపుటంలోని పాత రచనలు చాలామటుకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిని సొంతంగా చదువుకోగలం. ప్రాచీన, మధ్య ఆంగ్లాలను మాత్రం ఈ అంచు అర్థాలూ పాదసూచికలూ లేకుండా ఒంటరిగా చదవడం చాలా కష్టం.