చేపను తిరిగి లోతుకు దించే క్లిప్పు: నాలుగేళ్లు వాడాక

లోతు నుంచి గాలంతో లాగిన గ్రూపర్ చేపను నీళ్లలో వదిలితే, అది మునగలేక వెల్లకిలా తేలిపోవడం చూడలేక నాలుగేళ్ల కిందట ఈ క్లిప్పు కొన్నాను. ఇది చేప కింది దవడను పట్టుకుని బరువుతో కిందికి దిగుతుంది. ముందుగా ఎంచుకున్న లోతు రాగానే నీటి పీడనానికి తనంతట తానే విచ్చుకుంటుంది. నా దానికి 15, 30, 45 మీటర్ల గుర్తులున్నాయి.

నీటిలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, 30 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి గాలితిత్తిలోని (చేప నీటిలో తేలడానికి తోడ్పడే లోపలి సంచిలోని) వాయువు దాదాపు నాలుగింతలు కావాలని చూస్తుంది. గ్రూపర్, స్నాపర్ వంటి చేపలు దాన్ని నోటి గుండా వదిలేయలేవు. అందుకే కళ్లు ఉబ్బుతాయి, కడుపు నోట్లోంచి బుడగలా బయటికి తన్నుకొస్తుంది. ఆ బుడగనే గాలితిత్తి అనుకుని, వాయువు పోవాలని సూదితో పొడిచేవారున్నారు. సూది వాడిన రోజుల్లో నేనూ ఒకసారి ఆ పని చేశాను. క్లిప్పుతో పొడవాల్సిన అవసరమే లేదు, లోతులోని పీడనమే వాయువును మళ్లీ అణిచివేస్తుంది. ఒకసారి తాడుకు కెమెరా కట్టి చూస్తే, దిగుతున్నకొద్దీ ఉబ్బిన కళ్లు లోపలికి సర్దుకున్నాయి. క్లిప్పు వదలగానే చేప క్షణం ఆగి, తలకిందులుగా రాళ్లలోకి దూరింది. ఆ తర్వాత అది ఎన్నాళ్లు బతికిందో కెమెరా చెప్పదు.

అసలు చిక్కు బరువుతోనే. అమెరికా దక్షిణ అట్లాంటిక్ జలాల్లో 2020 జూలై నుంచి అమలైన నిబంధన ఇలాంటి పరికరానికి కనీసం సుమారు 450 గ్రాముల బరువు, 60 అడుగుల తాడు ఉండాలంటుంది. చిన్న చేపలకు అది సరిపోయింది కానీ, నాలుగు కిలోల చేప ఉబ్బు వల్ల సగం దారిలోనే ఆగిపోయింది. ఇప్పుడు కిలోన్నర కడుతున్నాను. మరో పొరపాటు పూర్తిగా నాదే: 40 మీటర్ల నీటిలో 45 గుర్తు పెట్టడంతో క్లిప్పు తెరుచుకోక, ఆ చేపను రెండోసారి పైకి లాగవలసి వచ్చింది.

రెండో ఏడు ఉప్పు పట్టి స్ప్రింగు బిగుసుకుపోయింది. ప్రతిసారీ మంచినీటితో కడగాలని అప్పుడు తెలిసింది. మెత్తని మూతి గల చిన్న చేపలు పట్టు జారిపోతాయి. పడవ మీద చేపను పెట్టుకుని అప్పుడు సామాను వెతుక్కుంటే ఏ పరికరమూ ఆదుకోదు గనుక, గాలం వేయకముందే దీన్ని వేరే కర్రకు కట్టి ఉంచుతున్నాను. పక్కనే ములుకు లేని తలకిందుల కొక్కెం (జారిపోకుండా పట్టే ఎదురు ముల్లు లేనిది, తలకిందులుగా కట్టినది) ఒకటి బరువుతో సహా ఉంటుంది. స్ప్రింగు మొరాయించిన రోజు దానితోనే దించుతాను.