‘హలో’ అంటే పలకని ఫోన్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా ఉందంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనే నవ్వుతారు. హాల్లో టీవీ పక్కన, మా అత్త అల్లిన లేసు గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. మావయ్య పెన్షన్ కాగితాల్లో, గ్యాస్ బుక్కులో, చుట్టాల డైరీల్లో ముప్ఫై ఏళ్లుగా అదే నంబరు. తీయించేద్దామంటే "అందరి దగ్గరా ఆ నంబరే ఉంది కదమ్మా" అంటారు. అందరి దగ్గరా ఉండడంతోనే వచ్చింది గొడవంతా.

2019 నుంచి ఈ పనికిమాలిన ఫోన్లను ఆపడానికి మేం పట్టని దారి లేదు. ఏది ఎంత పనిచేసిందో రాస్తున్నాను. మా ఇంటి సంగతి ముందే చెప్పాలి. ఇద్దరు పెద్దవాళ్లు, ఆరో తరగతి చదివే పిల్ల, ముందు గదిలో నా కుట్టుమిషను, విశాఖలో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకోసారి వచ్చే మా ఆయన. తెలియని నంబరు చూస్తే పెద్దవాళ్లకి భయం, నాకేమో అది బేరం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండడం వల్ల ఏ ఉపాయమూ పూర్తిగా కుదరలేదు.

మొదట్లో పలకని ఫోన్లు వచ్చేవి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ల్యాండ్‌లైన్ మోగేది. తీసి హలో అంటే అటు నుంచి చప్పుడు ఉండదు, కాసేపటికి కట్. మావయ్య తీసినా అంతే, అత్త తీసినా అంతే. కానీ నేను తీసి పెట్టేసినప్పుడు మాత్రం లోపలి నుంచి "ఎవరమ్మా?" అని వినిపించేది. మొగుడు వేరే ఊళ్లో ఉన్న కోడలికి పలకని ఫోన్లు వస్తే ఆ ప్రశ్న ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "రాంగ్ నంబరండీ" అని నాలుగోసారి చెప్పేసరికి అబద్ధం ఆడుతున్నట్టు నాకే అనిపించింది.

నంబరు కనబడే ఫోన్ సెట్టు కొని, లైనుకి ఆ సదుపాయం పెట్టించాక గుట్టు తేలింది. దాదాపు అన్నీ 140తో మొదలయ్యే నంబర్లే. అవి టెలిమార్కెటింగ్ వాళ్లకి కేటాయించిన వరస. వాళ్ల దగ్గర కంప్యూటరు ఒకేసారి బోలెడు నంబర్లకి కొడుతుంది. మనం ఎత్తే సమయానికి మాట్లాడే మనిషి ఇంకొకరితో ఉంటే మనకి వినిపించేది నిశ్శబ్దమే. ఈ ముక్క మావయ్యకి రెండుసార్లు వివరించాను. ఆయన అంతా విని, "ఓహో, మిషనా" అన్నారు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి నంబరూ డైరీలో రాయడం మొదలుపెట్టారు. వెయ్యి రూపాయల్లోపు వస్తువు ఆ ఫోన్ సెట్టు. ఆరేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే గిట్టుబాటైనది లేదు.

తర్వాత డీఎన్‌డీ, అంటే ప్రకటనల ఫోన్లు వద్దని మన నంబరు నమోదు చేయించుకోవడం. 1909కి ఫోన్ చేసి చెప్పొచ్చు, లేదా మొబైల్ నుంచి ఇంగ్లీషులో ‘స్టార్ట్’ అని కొట్టి ఖాళీ వదిలి సున్నా పెట్టి మెసేజ్ పంపొచ్చు. స్థలాలు, అప్పులు, కోచింగులు, టూర్లు, అన్ని రకాల ప్రకటనలకీ కలిపి ఒకటే తాళం. బ్యాంకు ఓటీపీలు మాత్రం ఆగవు, ఆ భయం అక్కర్లేదు. 140 ఫోన్లు బాగా తగ్గాయి. మామూలు పది అంకెల నంబర్లు తగ్గలేదు. ఆ జాబితా చూసుకుని ఫోన్ చేయాల్సింది రిజిస్టర్ చేసుకున్న వ్యాపారులు. సంతలో సిమ్ము కొనుక్కుని కూర్చున్నవాడికి దాంతో పనేముంది?

అలాంటి వాళ్ల మీద 1909లోనే ఫిర్యాదు చేయాలి. ఇదివరకు మూడు రోజుల్లోపు చేయాల్సి వచ్చేది. నేను ఎప్పుడూ ఆదివారం తీరిగ్గా కూర్చుని చూసేసరికి గడువు దాటిపోయేది. 2025 ఫిబ్రవరిలో మార్చిన నిబంధనల్లో ఏడు రోజులు ఇచ్చారు, డీఎన్‌డీలో లేనివాళ్లు కూడా ఫిర్యాదు చేయొచ్చన్నారు. ఒక నంబరు మీద చర్య తీసుకోవడానికి ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాల్సింది కాస్తా, పది రోజుల్లో ఐదుకి దిగింది. అప్పటి నుంచి మావయ్య డైరీకి విలువ పెరిగింది. నంబరు, తారీఖు, ఏం అమ్మజూశాడు, ఫిర్యాదుకి కావలసినవి ఈ మూడే. ఆయన మొదటి రోజు నుంచీ ఆ మూడూ రాస్తున్నారు.

పేరు చూపించే యాప్ ఒకటి మూడేళ్లు వాడి తీసేశాను. అందులో కనబడేది ఎవరో తమ ఫోన్లో రాసుకున్న పేరు. మావయ్య నంబరుకి ‘పెన్షన్ తాత’ అని వచ్చేది. దానికి అందరం నవ్వుకున్నాం. కొన్నాళ్లకి నా కుట్టుపని నంబరు ఎర్రగా, స్పామ్ అని కనబడడం మొదలైంది. ‘జాకెట్టు అయిపోయింది, వచ్చి తీసుకోండి’ అని రోజూ పదిమందికి ఫోన్ చేస్తాను కదా, ఒకరిద్దరు విసుక్కుని నొక్కేసి ఉంటారు. నా ఫోన్లో ఉన్న వాళ్లందరి నంబర్లూ దానికి అప్పజెప్పి, ఈ పేరు తెచ్చుకున్నాను.

కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి మాత్రమే మోగే సెట్టింగ్ పెడితే పది రోజులు స్వర్గంలో ఉన్నట్టుంది. పదకొండో రోజు పాతపట్నం నుంచి ఒకావిడ చీర భుజాన వేసుకుని నేరుగా వచ్చేసింది. "పెళ్లికూతురి జాకెట్లు ఐదున్నాయి, మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు, వేరే వాళ్లకి ఇచ్చేశాను, ఈ ఒక్క ఫాల్ అయినా కుట్టండి" అంది. ఆ ఫాల్ కుడుతున్నంతసేపూ ఐదు జాకెట్ల కూలి లెక్కేసుకుంటూనే ఉన్నాను. మీరూ ఇది పెట్టుకుంటే, అదే నంబరు పావుగంటలో రెండోసారి చేస్తే మోగేలా ఆ పక్కనే ఇంకో మీట ఉంటుంది. అది కూడా నొక్కండి. నాకు తర్వాత తెలిసింది.

ఇవన్నీ అమ్మేవాళ్ల సంగతి. బెదిరించేవాళ్ల దగ్గర ఈ తాళాలేవీ పనిచేయలేదు.

మాది గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపాఠాలు చెప్పిన ఊరు. వీధిలో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర. హిందీ టీవీలో మాత్రమే. మావయ్యకి ఉద్యోగంలో ఉండగా హిందీ బాగా పట్టుబడింది, దాని మీద ఆయనకి కాస్త గర్వం కూడా. అత్తకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు.

2024 ఆగస్టులో మావయ్య సెల్‌కి రికార్డు చేసిన గొంతుతో ఫోన్ వచ్చింది. మీ నంబరు రెండు గంటల్లో కట్ అవుతుంది, వివరాలకి తొమ్మిది నొక్కండి అని. నొక్కారు. ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చేసి నంబరు తీసేయదని ఇప్పుడు మా అందరికీ తెలుసు, అప్పుడు ఆయనకి తెలియదు. ముంబై పోలీసన్నారు, ఆధార్ అన్నారు, వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. మావయ్య గది తలుపు వేసుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారట. నేను మిషను మీద ఉండి గమనించలేదు. ఒంటిగంట దాటినా భోజనానికి రాలేదని అత్త తలుపు తోసుకుని వెళ్లింది. మంచం మీద ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, బ్యాంకు పాస్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని. ఫోన్లో ఖాకీ బట్టల మనిషి.

"ఎవులు బావూ మీరు? తిన్నారా?" అంది అత్త, ఆ ఖాకీ మనిషితో.

వాడు హిందీలో అరిచాడు. అత్తకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏటో అరుస్తన్నాడు, చెవులు పోతన్నాయి. రండి, చారు చల్లారిపోతంది" అని ఫోన్ తీసి దిండు కింద పెట్టేసింది. అది మళ్లీ మళ్లీ మోగితే వెళ్లి నేను స్విచ్ ఆఫ్ చేశాను. మావయ్య ఆ రోజు చేతులు వణుకుతూ అన్నం తిన్నారు. అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ ‘డిజిటల్ అరెస్టు’ గురించే చెప్పి, చట్టంలో అలాంటిదేమీ లేదన్నారు. మావయ్య రేడియో సౌండు పెంచి, చివరిదాకా విని, ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లిపోయారు.

డబ్బు పోలేదు కాబట్టి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు అక్కర్లేకపోయింది. ఆ నంబర్లని కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో ‘చక్షు’ అనే చోట నమోదు చేశాను. డబ్బు పోకముందు అనుమానం మాత్రమే ఉంటే అక్కడ, పోతే వెంటనే 1930కి. ఈ తేడా నాకు ఎంత బాగా గుర్తుందంటే, ఆరు నెలల తర్వాత 1930కి ఫోన్ చేసింది నేనే.

నాకొచ్చిన ఫోన్ తెలుగులో వచ్చింది. మా వైపు తెలుగే, ‘పలాస నుంచమ్మా’ అన్నాడు. స్కూలు పిల్లల యూనిఫాంలు నలభై జతలు, సగం అడ్వాన్సు ఇప్పుడే పంపుతానన్నాడు. కొలతలు ఎలా తీసుకుంటారు, గుడ్డ మీదా మాదా అని అడిగాడు. ఇంత వివరంగా అడిగేవాడు మోసగాడెలా అవుతాడు? క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. కొట్టాను. 4,800 పోయాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని మా పిల్లకి కూడా తెలుసు, నాకూ తెలుసు. ఆ నిమిషంలో నలభై జతలే కళ్ల ముందు ఉన్నాయి. పది నిమిషాల్లో 1930కి చేశాను, అవతలి ఖాతాలో మిగిలి ఉన్న కొంత ఆపగలిగారు, ఆ ముక్క చాలా రోజులకి తిరిగొచ్చింది. హిందీ ఫోన్ వస్తే నేను జాగ్రత్తగానే ఉండేదాన్ని.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. కుట్టుపనికి వేరే సిమ్ము, బటన్ల ఫోను, మిషను పక్కనే ఉంటుంది. దానికి ఏ బ్యాంకూ తగిలించలేదు, ఎవరు చేసినా ఎత్తుతాను. బ్యాంకు ఉన్న నంబరు ఎవరికీ ఇవ్వను, కొత్త నంబర్లకి అది మోగదు. బ్యాంకుల నుంచి నిజంగా ఫోన్ వస్తే 1600తో మొదలయ్యే నంబరు ఉండాలి కాబట్టి, మిగిలిన ‘బ్యాంకు’ వాళ్లతో మాట్లాడేది లేదు. కొరియర్ పేరుతో స్టారు, 21 కలిపి ఏదైనా కొట్టమంటే కొట్టొద్దని మావయ్యకి కాగితం మీద రాసి అంటించాను. అలా కొడితే మన ఫోన్లు వాళ్లకి మళ్లిపోతాయి. పొరపాటున కొట్టేస్తే రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ హ్యాష్ కొడితే మళ్లింపులన్నీ పోతాయని కూడా కిందే రాశాను.

ల్యాండ్‌లైన్ అత్తకి అప్పజెప్పాం. గొంతులు కూడా మిషన్లు చేసేస్తున్నాయని పేపర్లో వచ్చింది మావయ్య చదివి వినిపించారు. దాంతో ఆవిడ సొంతంగా ఒక పరీక్ష పెట్టుకుంది. కొత్త నంబరు నుంచి ఎవరు చుట్టమని చెప్పినా "మా పెరట్లో ఏ చెట్టుంది?" అని అడుగుతుంది. మొన్న గురువారం మా ఆయన సెల్ చార్జింగ్ అయిపోయి, ఆఫీసులో ఎవరిదో ఫోన్ తీసుకుని ఇంటికి చేశారు. చెట్టు పేరు అడిగితే జామ అన్నారు.

"జామ సెట్టు గత మంగళారమే కొట్టించీసినాం" అని అత్త పెట్టేసింది.